మనసులో రూపం నిలవనివారు

కళ్ళు మూసుకుని తిరుమల వేంకటేశ్వరస్వామిని తలచుకోమంటే ఒకరికి నొసటి నామం, మెడలో హారాలు, కిందికి చూపే వరదహస్తం రంగులతో సహా కనిపిస్తాయి. పక్కనే కూర్చున్న ఇంకొకరికి మసకగా ఒక ఆకారం మెదిలి, పట్టుకునేలోపే జారిపోతుంది. మూడోవారికి కనురెప్పల వెనుక చీకటి తప్ప ఏమీ ఉండదు. స్వామి గురించి ఆ మూడోవారికి తెలియక కాదు. చక్రం కుడివైపా, శంఖం కుడివైపా అని అడిగితే తడుముకోకుండా చెబుతారు. తెలియడం ఉంది, కనిపించడం లేదు.

ఈ తేడా చాలాకాలం బయటపడకపోవడానికి భాష కూడా ఒక కారణం. కథ బాగా చెప్పినవాణ్ణి కళ్ళకు కట్టినట్టు చెప్పాడంటారు. పోయినవారిని తలచుకుంటే రూపం కళ్ళలో మెదిలిందంటారు. కళ్ళలో ఎన్నడూ ఏమీ మెదలనివారు కూడా ఈ మాటలే వాడతారు. అవి మాటవరసకు అనేవే అనుకుంటారు. రూపాలు నిజంగా చూసేవారు మాత్రం అందరికీ ఇలాగే కనిపిస్తుందనుకుంటారు. ఒకే ఇంట్లో యాభై ఏళ్ళు కలిసి బతికినా ఈ సంగతి తెలియకుండా గడిచిపోవచ్చు.

మామూలు వ్యవహారంలో దీనివల్ల నష్టం లేదు. నష్టం ధ్యానం దగ్గర వస్తుంది. ఇష్టదైవాన్ని హృదయంలో నిలుపుకోమని గురువు చెబుతాడు. కొందరు ఏళ్ళ తరబడి ప్రయత్నించినా ఏ రూపమూ నిలవదు. తమలో భక్తి చాలలేదనో, చిత్తశుద్ధి లేదనో వారు కుమిలిపోతారు. రూపం నిలవకపోవడం భక్తి లోపమా, మనసు నిర్మాణంలో ఒక తేడాయా అన్నది వేదాంతం ఒక్కటే తేల్చగల ప్రశ్న కాదు. దీన్ని కొలవడానికి గత 140 ఏళ్ళుగా జరిగిన ప్రయత్నాలు దాని మీద సూటిగా వెలుగు వేస్తాయి.

పాత తత్వవేత్తలు తమ మనసునే అందరి మనసుగా తీసుకున్నారు. చిత్రం లేకుండా ఆత్మ ఆలోచించలేదని అరిస్టాటిల్ తేల్చాడు. మనసులో చిత్రాన్ని నిలిపే శక్తికి ఆయన వాడిన గ్రీకు పేరు ఫాంటేసియా. డెకార్ట్ 1641లో ఒక చక్కని ఉదాహరణతో ఆలోచననూ చిత్రాన్నీ విడదీశాడు. అయిదు భుజాల ఆకారాన్ని మనసులో చూడవచ్చు. వెయ్యి భుజాల ఆకారం అంటే ఏమిటో అంతే బాగా అర్థమవుతుంది, దాని చిత్రం మాత్రం రాదు. బర్క్‌లీ 1710లో ఎదురు వాదన చేశాడు. సమబాహువూ కాకుండా, విషమబాహువూ కాకుండా ఉండే వట్టి త్రిభుజాన్ని మనసులో చూడడం తన వల్ల కాదని, కాబట్టి అలాంటి సాధారణ భావమే లేదని అన్నాడు. ఇతరులకు ఆ శక్తి ఉంటే వారే చెప్పాలని కూడా ఒక మాట అన్నాడు. ఆ ఇతరులను పిలిచి అడగాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. మన సంప్రదాయంలో పతంజలి చిత్తవృత్తులను అయిదుగా విభజించి, మాట వెంట పుట్టే, వస్తువు లేని జ్ఞానాన్ని వికల్పం అని వేరే పెట్టాడు. స్మృతి మరో వృత్తి. మాటతోనే నడిచే మనసుకు ఆ విభజనలో చోటు ఉంది.

ఇతరులను అడగడం ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్‌తో మొదలైంది. ఆయన 1880లో ప్రచురించిన ప్రశ్నావళి చాలా ఇంటిపట్టు విషయంతో మొదలవుతుంది. ఆ పొద్దున తిన్న ఫలాహారం బల్లను తలచుకోండి. అది వెలుగుగా ఉందా, వస్తువుల అంచులు తీరుగా ఉన్నాయా, రంగులు సహజంగా ఉన్నాయా అన్నవి ఆయన ప్రశ్నలు. నూరుమంది పురుషుల జవాబులను ఆయన స్పష్టత ప్రకారం వరుసలో పెట్టాడు. వారిలో సగానికి పైగా శాస్త్రంలోనో మరో మేధోరంగంలోనో పేరున్నవారు. పైవరుసలో ఉన్నవారికి బల్ల ఎదురుగా ఉన్నట్టే ఉంది. అడుగున ఉన్నవారికి ఏమీ లేదు. మనోనేత్రం అనే మాటను జనం నిజంగానే అంటున్నారని వారికి అప్పటిదాకా తెలియదు. శాస్త్రజ్ఞులకు ఈ శక్తి తక్కువని గాల్టన్ అభిప్రాయపడ్డాడు. 2006లో ఆ జవాబులను మళ్ళీ లెక్కగట్టి, కొత్తగా శాస్త్రజ్ఞులను అడిగి చూసినవారికి ఆ తీర్పు నిలబడలేదు. మనుషుల మధ్య తేడా ఉందన్న సంగతి మాత్రం నిలిచింది.

1910లో అమెరికాలోని కార్నెల్‌లో చెవ్స్ పెర్కీ చేసిన ప్రయోగం ఇంకా దగ్గరగా చూడదగ్గది. పాల్గొన్నవారిని ఒక అద్దపు తెర వంక చూస్తూ అరటిపండును ఊహించమన్నారు. తెర వెనుక నుంచి అతి మసకగా అరటిపండు బొమ్మను వాళ్ళకు చెప్పకుండా ప్రసరింపజేశారు. బొమ్మ కంటికి ఆనేంత కాంతి వచ్చాక కూడా చూసేవారు అది తమ ఊహే అనుకున్నారు. పండు తాము అనుకున్నట్టు కాకుండా నిలువుగా ఉందేమిటని కొందరు ఆశ్చర్యపోయారు కూడా. ఊహకూ చూపుకూ మధ్య గోడ ఎంత పలచనో ఇంతకంటే తేటగా చూపిన ప్రయోగం అరుదు.

ఆ తరవాత కొంతకాలం ఈ విషయమే వెనకబడింది. బయటికి కనిపించే ప్రవర్తననే పరిశీలించాలని మనస్తత్వవేత్త వాట్సన్ 1913లో ప్రకటించాక, మూసిన కళ్ళ వెనుక ఏముందో అడగడం శాస్త్రం కాదన్న భావన బలపడింది. 1971లో మనస్తత్వవేత్తలు షెపర్డ్, మెట్జ్లర్ దాన్ని మళ్ళీ లోపలికి తెచ్చారు. కోణం మార్చి గీసిన రెండు ఘనాకారాలు ఒకటేనా అని అడిగితే, వాటి మధ్య కోణం పెరిగినకొద్దీ జవాబుకు పట్టే సమయం సరిగ్గా అదే నిష్పత్తిలో పెరిగింది. జనం ఆకారాన్ని మనసులో తిప్పి చూస్తున్నట్టే ఉంది. లోపల నిజంగా చిత్రం ఉందా, లేక వాక్యాల వంటి వివరణే ఉండి అది చిత్రంలా తోస్తుందా అన్న వాదం కోస్లిన్, పిలిషిన్‌ల మధ్య దశాబ్దాలు నడిచింది. ఆ పోరు ప్రధానంగా మనిషి మనసు ఒకే తీరున ఉంటుందన్న ఊహ మీదే నడిచింది.

ఇప్పుడు అందరూ వాడే కొలబద్ద డేవిడ్ మార్క్స్ 1973లో రూపొందించిన ప్రశ్నావళి. బాగా తెలిసిన ఒక మనిషి, ఉదయించే సూర్యుడు, తరచూ వెళ్ళే దుకాణం, చెట్లూ కొండలూ చెరువూ ఉన్న ప్రదేశం అనే నాలుగు దృశ్యాలు, ఒక్కోదానికి నాలుగు చొప్పున మొత్తం 16 ప్రశ్నలు. ఎదురుగా చూస్తున్నంత స్పష్టం అనే దగ్గర నుంచి, తలచుకుంటున్నానని తెలుస్తోంది తప్ప చిత్రం లేదు అనే దాకా అయిదు మెట్లు. ఇప్పుడు వాడుకలో ఉన్న లెక్కలో అట్టడుగు 16, పై హద్దు 80. దీని బలహీనత పైకే కనిపిస్తుంది. ఒకరి స్పష్టం మరొకరి మసక కావచ్చు. రెండు మనసులను పక్కపక్కన పెట్టి చూడగలిగినవారు లేరు.

ఎడిన్‌బరోలో పరీక్షించిన ఒక రోగి కథ ఈ విషయాన్ని మలుపు తిప్పింది. పరిశోధకులు ఆయన్ను ఎమ్.ఎక్స్. అన్న అక్షరాలతోనే పేర్కొన్నారు. ఆయన పదవీ విరమణ చేసిన సర్వేయరు. నిద్రపోయే ముందు బంధుమిత్రుల ముఖాలు, చూసిన భవనాలు మనసులో తిప్పుకోవడం ఆయన అలవాటు. గుండె రక్తనాళానికి చికిత్స జరిగాక ఆ చిత్రాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆడం జెమాన్ బృందం 2010లో ఆ వివరాలు ప్రచురించింది. ముఖాలు గుర్తుపట్టడంలో, కట్టడాలు వర్ణించడంలో ఆయనకు లోటు రాలేదు. ఆకారాలు తిప్పే పరీక్షలో జవాబులు సరిగానే చెప్పాడు, కానీ కోణానికీ సమయానికీ ఉండే నిష్పత్తి మాత్రం కనిపించలేదు. అంటే పని జరుగుతోంది, వేరే దారిలో జరుగుతోంది. ఆ వార్త చదివి, తమకు పుట్టుకనుంచీ ఇంతేనని కొందరు జెమాన్‌కు రాశారు. అలాంటి 21 మంది గురించి 2015లో రాస్తూ ఆయన బృందం ఈ స్థితికి అఫాంటేసియా అని పేరు పెట్టింది. అరిస్టాటిల్ వాడిన మాటకే ముందు లేమిని చెప్పే అక్షరం చేరింది. చిత్రం లేకుండా ఆత్మ ఆలోచించలేదన్న వాక్యానికి ఈ 21 మందీ నడిచే ప్రతివాదాలు. వారిలో ఎక్కువమందికి కలల్లో మాత్రం దృశ్యాలు వస్తాయి. కావాలని తెచ్చుకునే చిత్రం వేరు, తనంతట తాను వచ్చేది వేరు అన్నమాట. 2022లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం నూటికి దాదాపు నలుగురిలో చిత్రశక్తి లేదు, లేదా చాలా తక్కువ. అస్సలు లేనివారు నూటికి ఒక్కరికన్నా తక్కువ. రెండో కొసన అతిస్పష్టంగా చూసేవారున్నారు. ఆ స్థితిని హైపర్‌ఫాంటేసియా అంటారు.

మాట మీద ఆధారపడకుండా కొలిచే మార్గాలు సిడ్నీలో జోయెల్ పియర్సన్ బృందం చేతిలో రూపుదిద్దుకున్నాయి. ఒక కంటికి ఎర్ర గీతలు, రెండో కంటికి ఆకుపచ్చ గీతలు చూపితే మెదడు రెంటినీ కలపలేక ఒకసారి ఒకదాన్నే చూస్తుంది. ముందుగా ఎరుపును ఊహించినవారికి ఎరుపే పైకి వచ్చే అవకాశం పెరుగుతుందని 2008లో తేలింది. అఫాంటేసియా ఉన్నవారిలో ఆ మొగ్గు కనిపించదని 2018లో చూపారు.

2022 నాటి కనుపాప ప్రయోగం సాధకులు మరీ శ్రద్ధగా తెలుసుకోవలసినది. వెలుగు చూస్తే కనుపాప చిన్నదవుతుంది. ఇది మన చేతిలో లేని చర్య. మెరిసే ఆకారాన్ని ఊరికే ఊహించినా చాలామందిలో కనుపాప చిన్నదైంది. ఊహ ఎంత స్పష్టమైతే అంతగా చిన్నదైంది. అఫాంటేసియా ఉన్నవారిలో ఊహించిన వెలుగుకు కనుపాప కదల్లేదు. నిజమైన వెలుగుకు మామూలుగానే కదిలింది. అయితే వారు అసలు ప్రయత్నించడమే లేదేమో అన్న అనుమానం రావచ్చు. దానికీ జవాబు దొరికింది. మనసు శ్రమపడినప్పుడు కనుపాప పెద్దదవుతుంది. ఒక ఆకారానికి బదులు నాలుగు ఊహించమన్నప్పుడు వీరి కనుపాపలు పెద్దవయ్యాయి. శ్రమ పూర్తిగా ఉంది, చిత్రం రాలేదు. మనసు పెట్టడంలేదని సాధకుడి మీద వేసే నిందకు ఇంతకంటే సూటైన సమాధానం ఉండదు.

చిత్రం లేకపోతే భావమూ ఉండదా అన్నది తరవాతి ప్రశ్న. భయం గురించి వాల్మీకి రామాయణంలోనే ఒక పాత్ర సాక్ష్యం ఉంది. రాముడి బాణం దెబ్బ తిన్న మారీచుడు, చెట్టు చెట్టులోనూ నారచీరలు కట్టిన రాముడే కనిపిస్తున్నాడని రావణుడితో మొరపెట్టుకుంటాడు. అంతటితో ఆగక, రకారంతో మొదలయ్యే రథం, రత్నం లాంటి మాటలు విన్నా వణుకు పుడుతోందంటాడు. భయం ఒకే మనిషిలో రూపం దారినా వచ్చింది, అక్షరం దారినా వచ్చింది. సిడ్నీ బృందం 2021లో చీకటి గదిలో కొందరితో భయానక కథలు చదివించి, చర్మంలో కలిగే సూక్ష్మమైన విద్యుత్ మార్పును కొలిచింది. చిత్రాలు చూసేవారిలో కథ ముదిరేకొద్దీ అది పెరిగింది. అఫాంటేసియా ఉన్నవారిలో దాదాపు మారలేదు. కథలకు బదులు భయానకమైన ఫొటోలు చూపితే మాత్రం రెండు వర్గాల్లోనూ ఒకేలా పెరిగింది. వీరికి హృదయం మొద్దుబారలేదు. మాటను చిత్రంగా మార్చి హృదయానికి అందించే మధ్యమెట్టు ఒక్కటే లేదు. ఎదుట రూపం ఉంటే కదలిక అందరికీ సమానం.

మత సంప్రదాయాలు ఈ తేడాను ఎంతవరకు పట్టుకున్నాయో ఇప్పుడు చూడవచ్చు. భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి చెప్పే ధ్యానం పాదాలతో మొదలై, అవయవం వెంట అవయవంగా పైకి వెళ్ళి, చిరునవ్వు దగ్గర నిలుస్తుంది. తెలుగువారికి అది పోతన చేతి మీదుగా అందింది. స్పెయిన్‌లో ఇగ్నేషియస్ లొయోలా, 1548లో అచ్చయిన సాధనగ్రంథంలో, నజరేతు నుంచి బెత్లెహేముకు పోయే దారి ఎంత పొడవో, ఎంత వెడల్పో, ఎక్కడ లోయలో ఎక్కడ మెరకలో మనసులో చూడమంటాడు. ఈ రెండు బోధలూ చూడగలిగే మనసు కోసం చెప్పినవే. కాకపోతే భాగవతం ఇంకొక మాట కూడా చెబుతుంది. చివరికి మనసు ఆ రూపం నుంచి కూడా మెల్లగా విడివడాలి. చేపను పట్టే గాలంతో మనసును పోలుస్తూ ఈ సంగతి అంటుంది. రూపం అక్కడ సాధనమే, గమ్యం కాదు.

అయిదో శతాబ్దపు బౌద్ధాచార్యుడు బుద్ధఘోషుడిది మరింత నిశితమైన చూపు. ఆయన తెలుగుదేశం వాడని ధర్మానంద కోశాంబి వాదించారు. విసుద్ధిమగ్గం అనే గ్రంథంలో బుద్ధఘోషుడు జేగురు రంగు మట్టితో జానెడు నాలుగు వేళ్ళ బిళ్ళ చేసుకుని, దాన్ని చూస్తూ, కళ్ళు మూస్తూ తెరుస్తూ సాధన చేయమంటాడు. కళ్ళు మూసినా తెరిచినా అది ఒకేలా కనిపించిన నాడు నిమిత్తం, అంటే మనసులో నిలిచే గుర్తు, కుదిరినట్టు. ఇక్కడిదాకా ఇది గాల్టన్ ప్రశ్నకు ముందే రాసిన సాధన. శ్వాస మీద ధ్యానం గురించి రాసేటప్పుడు ఆయన ఒక దృశ్యం చూపుతాడు. కొందరు భిక్షువులు ఒక సూత్రాన్ని వల్లించి కూర్చుంటారు. అది నీకెలా తోచిందని ఒకరినొకరు అడుగుకుంటారు. కొండవాగులా తోచిందని ఒకరు, అడవి వరుసలా ఉందని ఒకరు, కాపు నిండిన నీడ చెట్టులా ఉందని ఒకరు అంటారు. సూత్రం ఒకటే, వారి సంజ్ఞలు వేరు కనుక నిమిత్తాలు వేరని ఆయన తేల్చాడు. నలభై ధ్యానవిషయాలను స్వభావాన్ని బట్టి పంచిపెట్టడం వెనుక ఉన్నది కూడా ఈ ఎరుకే. గాల్టన్‌కు 1,400 ఏళ్ళ ముందు ఒక మనిషి పక్కవాడి మనసును అడిగి చూశాడు.

రూపం అతిగా నిలిచినవారికి ఎదురయ్యే చిక్కు శ్రీరామకృష్ణుల జీవితచరిత్రల్లో ఉంది. తీర్థయాత్రలో దక్షిణేశ్వరం వచ్చిన తోతాపురి అనే సన్యాసి ఆయనకు నిర్వికల్ప సమాధి నేర్పబూనాడు. మనసును అన్నిటి నుంచీ మళ్ళించగలిగినా కాళీమాత రూపం మాత్రం పోవడం లేదని రామకృష్ణులు చెప్పారు. తోతాపురి ఒక గాజుపెంకు తీసుకుని ఆయన కనుబొమల మధ్య గుచ్చి, మనసు అక్కడ నిలపమన్నాడు. ఇక్కడ గురువు రూపాన్ని తెమ్మనడం లేదు, తీసేయమంటున్నాడు. ఎవరికి ఏది కష్టమో అది మనిషిని బట్టి మారుతుంది. అవ్యక్తాన్ని పట్టుకోవడం దేహధారులకు కష్టమని గీత పన్నెండో అధ్యాయం అంటుంది. అది చాలామందికి నిజం. రూపమే అందనివారికి ఆ కష్టం వేరే చోట ఉంటుంది.

దీనికి ఎదురు కొసన ఉన్న సాక్షి ఆవిలా పట్టణపు తెరెసా. 1515లో పుట్టిన ఈ స్పానిష్ సన్యాసిని 1565 నాటికి పూర్తిచేసిన ఆత్మకథలో తన మనసు గురించి దాపరికం లేకుండా రాసింది. క్రీస్తు అందం గురించి ఎంత చదివినా, ఎన్ని పటాలు చూసినా లోపల ఆ రూపం కట్టుకోవడం తనకు చేతకాలేదంది. గుడ్డివాడో, చీకట్లో ఉన్నవాడో ఒకరితో మాట్లాడుతుంటే ఎదుటివారు ఉన్నారని గట్టిగా తెలుస్తుంది గాని కనిపించరు. తన ప్రార్థన అలాంటిదని పోల్చింది. పద్దెనిమిదేళ్ళు చేతిలో పుస్తకం లేకుండా ప్రార్థనకు కూర్చునే ధైర్యం చేయలేదు. పొలాలు, నీళ్ళు, పువ్వులు చూస్తే మనసు కుదిరేది. పటాలంటే తనకంత ప్రేమ ఎందుకో ఆమే చెప్పింది: లోపల రూపం రాదు కనుక. మఠంలో గాయాలతో ఉన్న క్రీస్తు ప్రతిమ ఒకటి కంటబడినప్పుడు ఆమె దాని ముందు కుప్పకూలి ఏడ్చింది. ఆమె జీవితం తిరిగింది అక్కడే. కథకు కదలని చర్మం ఫొటోకు కదిలిన సిడ్నీ ప్రయోగం పక్కన ఈ ఘట్టాన్ని పెట్టి చూడాలి. తరవాతి కాలంలో ఆమెకు దర్శనాలు కలిగాయి. అవి తన ప్రయత్నంతో వచ్చినవి కావని, వాటిలో కొన్నింటిలో కంటికీ మనసుకూ ఏ రూపమూ లేకపోయినా సన్నిధి స్పష్టంగా తెలిసిందని ఆమె వేరుచేసి రాసింది. నాలుగు వందల ఏళ్ళ కిందటి పుస్తకాన్ని బట్టి ఆమెకు అఫాంటేసియా ఉందని వైద్యుడిలా తీర్పు చెప్పడం కుదరదు. ఆమె వర్ణించిన అనుభవం మాత్రం ఈనాటి ప్రశ్నావళుల్లో అట్టడుగు మెట్టు మీద ఉన్నవారు చెప్పేదానికి చాలా దగ్గర.

ఈ వెలుగులో గుడిలోని అర్చామూర్తి విలువ కొత్తగా అర్థమవుతుంది. మనసులో దేవుణ్ణి నిలుపుకోలేని మందమతుల కోసం విగ్రహం పెట్టారన్న మాట తరచూ వినిపిస్తుంది. అది సరైన మాట కాదు. తెరతీయగానే హారతి వెలుగులో కనిపించే ముఖం, లోపల చిత్రశక్తి ఉన్నవారినీ లేనివారినీ ఒకేలా తాకుతుంది. తేడా లేకుండా అందరికీ అందే మార్గం అది. నామజపం రెండో మార్గం; మారీచుడు భయంతో ఎరిగిన ఆ రకారాన్నే భక్తుడు ప్రేమతో పలుకుతాడు. రామానుజులు ధ్యానాన్ని తైలధారలా తెగని స్మృతి అన్నారు. అది ముదిరితే చూడడంతో సమానమవుతుందని కూడా అన్నారు. మొదటి మాటలోని తెగకపోవడానికి చిత్రం అవసరం లేదు. రెండో మాటలోని సమానత్వాన్ని కనురెప్పల వెనుక బొమ్మగానే అర్థం చేసుకోనక్కరలేదు. తెరెసా చెప్పిన చీకట్లోని సన్నిధిగా కూడా చేసుకోవచ్చు.

కాబట్టి ధ్యానం నేర్పేవారు ముందుగా ఒక చిన్న ప్రశ్న అడగాలి: కళ్ళు మూసుకుంటే నీకు ఏమి కనిపిస్తుంది? ఏమీ కనిపించదన్న జవాబు వస్తే, ఇంకా గట్టిగా ప్రయత్నించమని వెనక్కి పంపకూడదు. ఆ సాధకుడికి పటమో, మూర్తో, నామమో, శ్వాసో ఇవ్వాలి.

లోపల రూపం కట్టుకోవడం చేతకాలేదని రాసుకున్న తెరెసాను పోప్ ఆరవ పాల్ 1970 సెప్టెంబరు 27న కేథలిక్ చర్చి ఆచార్యురాలిగా ప్రకటించారు. ఆ స్థానం అందుకున్న మొదటి స్త్రీ ఆమె. ఆనాడు పోప్ ప్రత్యేకంగా ఎత్తిచూపింది ప్రార్థన గురించి ఆమె చేసిన బోధనే.